కొసరు కిలోలు

"డోనర్ రెడీ హై క్యా?" అంది చెన్నై.

"హా హా, డిన్నర్ రెడీ," అంది డాలీగంజ్.

అడిగింది చెన్నై ఆస్పత్రిలో కిడ్నీ మార్పిడి కేసుల తారీఖులు చూసే మేడమ్. జవాబిచ్చింది అండమాన్‌లో, పోర్ట్‌బ్లెయిర్ డాలీగంజ్‌లో ఉండే ఎరుకమ్మ. ఇద్దరి మధ్యా బంగాళాఖాతం ఉంది. ఆ ఖాతమంతా ఫోనులోనే హోరుమంటోంది. కొడుకు రాజ్‌కిరణ్ ఫోను ఛార్జింగులో పెట్టి స్నానానికి వెళ్తే, మోగుతున్న దాన్ని మోగనివ్వడం మర్యాద కాదని ఆవిడ ఎత్తింది.

"డోనర్ సబ్ ఖాతా హై?" మేడమ్ గొంతులో కొంచెం కంగారు. డోనర్ అన్నీ తింటున్నాడా అని.

"డిన్నర్ సబ్ ఖాతా హై. రోజ్ ఖాతా హై. ఆజ్ మఛ్లీ బనాయా, నారియల్ డాల్‌కే. ఆప్ భీ ఆ జావో."

కొబ్బరేసి చేపలు వండాం, మీరూ రండి అని పిలుపు. మేడమ్ రాలేదు. ఫోను పెట్టేసింది. పెట్టేసి, అదే ఊళ్లో లంబాలైన్‌లో ఉన్న ఎరుకమ్మ అల్లుడు ఉదయ్‌కుమార్‌కి చేసింది.

మారింది ఒక్క అక్షరమే. ఓకారం పోయి ఇకారం వచ్చింది. ఇంట్లో మాత్రం హాహాకారం వచ్చింది.

*

మర్నాడు ఉదయ్‌కుమార్ ఉదయమే వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు. బూట్లు విప్పలేదు. అల్లుడు బూట్లు విప్పకపోతే అది రాక కాదు, రాయబారం.

"అత్తయ్యా, నిన్న సాయంత్రం చెన్నై నుంచి ఫోనొచ్చిందా?"

"వచ్చింది బాబూ. ఎవులో మేడమంట. మంచి మనిసి. డిన్నర్ సంగతి అడిగింది."

"చేపల కూర వండామని చెప్పారా?"

"వండినాం కదేటి మరి. సెప్పాను."

"రోజూ తింటాడని కూడా చెప్పారా?"

"రోజూ తినకపోతే ఎలాగ బాబూ? మీరు తినరేటి?"

ఉదయ్‌కుమార్ లెక్కల మాస్టారు. ఇంకో ప్రశ్న వేసి ఉంటే లెక్క అక్కడే తేలిపోయేది. వెయ్యలేదు. కోపంలో ఉన్న మనిషి తనకి కావలసిన జవాబు రాగానే పలక తుడిచేస్తాడు.

అప్పుడే గేటు ముందు స్కూటీ ఆగింది. రాజ్‌కిరణ్ హెల్మెట్ తియ్యకుండానే లోపలికొచ్చాడు. పొద్దున్నే ఊళ్లో ఆస్పత్రికి వెళ్లాడు. ఇంటి కాటా మీద ఎంత తూగినా సరిపోదు, ఆస్పత్రిలో తూయించుకొని ఆ చీటీ పంపితేనే తారీఖు ఖాయం అని చెన్నై వాళ్లు పట్టుబట్టారు.

"ఎంతరా?" అన్నాడు తండ్రి యర్రయ్య, పెరట్లోని చేపల షెడ్డులోంచి వస్తూ.

రాజ్‌కిరణ్ బావ వైపు చూశాడు. హెల్మెట్ తీశాడు.

"ఎనభై ఏడు."

పైన చెన్నై వెళ్లే విమానం లేచింది. ఆ చప్పుడు అయిపోయేదాకా అందరూ దానికి మర్యాద ఇస్తున్నట్టు నిలబడ్డారు.

ఉదయ్‌కుమార్ భార్య, రాజ్‌కిరణ్ అక్క స్వాతికి రెండు కిడ్నీలూ చెయ్యిచ్చాయి. తమ్ముడు తన కిడ్నీ ఇస్తానన్నాడు. చెన్నైలో రక్తం కలిసింది, లోపలి లెక్కలు కలిశాయి, కాటా ఒక్కటే కలవలేదు. తొంభై ఎనిమిది కిలోల మనిషిని కోయను, ఎనభై అయిదుకి దిగి రమ్మన్నాడు డాక్టరు. దిగనిదే తారీఖు లేదు. స్వాతి వారంలో మూడు పూటలు మిషనుకి కట్టేసుకొని పడుకుంటోంది. ఆమె ఒంట్లో సూది గుచ్చే నరాలు కూడా ఒక్కొక్కటే మొరాయిస్తున్నాయి.

రాజ్‌కిరణ్ దిగాడు. మొదటి కిలోలు అద్దెకున్నవాళ్లలా నోటీసివ్వగానే ఖాళీ చేశాయి. చివరి మూడు మాత్రం సొంతిల్లనుకున్నాయి. వారాల తరబడి కదల్లేదు. పోయిన వారం అవీ పోయాయి. పెరట్లో కాటా మీద ఎనభై అయిదు చూసి ఎరుకమ్మ దిష్టి తీసింది. చెన్నై తారీఖు ఇచ్చింది.

ఇవాళ ఎనభై ఏడు.

"ఒక్క రాత్రిలో రెండు కిలోలు," అన్నాడు ఉదయ్‌కుమార్. "మధ్యలో కొబ్బరిపాలు పోసిన చేపల కూర. ఇది పెద్ద లెక్కేం కాదు రాజ్‌కిరణ్. నా క్లాసులో వెనక బెంచీవాడు కూడా చేస్తాడు."

"బావా, నేను తినలేదు."

"అత్తయ్యే చెప్పారు."

"నానేటి సెప్పాను?" అంది ఎరుకమ్మ.

"చెన్నై మేడమ్‌కి చెప్పారు. అన్నీ తింటాడని, రోజూ తింటాడని. ఇప్పుడు నాకూ చెప్పారు."

ఎరుకమ్మకి అర్థం కాలేదు. అర్థం కానప్పుడు ఆవిడ ఏడుస్తుంది. ఏడుపు మొదలుపెట్టింది. దాంతో అందరికీ అదే సాక్ష్యమైపోయింది.

"కాటాల్లో తేడా ఉందేమో బావా," అన్నాడు రాజ్‌కిరణ్. "హో సక్తా హై కదా. మనది చేపల కాటా, వాళ్లది—"

"ఏటి?"

ఆ 'ఏటి' యర్రయ్యది. అది ప్రశ్న కాదు, పిడుగు.

"నా కాటా మీద ఇన్నేళ్లలో ఎవుడూ మాట అనలేదురా. పోర్ట్‌బ్లెయిర్‌లో ఏ హోటలోణ్ణయినా అడుగు. యర్రయ్య తూచిన గంప ఎవుడూ మళ్లీ తూచడు. ఆస్పత్రోళ్లు సేపలమ్ముతారేటి, ఆళ్లకి తూకం తెలవడానికి?"

"మావయ్యా," అన్నాడు ఉదయ్‌కుమార్ మెల్లగా. బోర్డు మీద ఆఖరి మెట్టు రాసేటప్పుడు వచ్చే మెల్లతనం అది. "నిన్నటిదాకా మీ కాటా ఎనభై అయిదు చూపించింది. ఇవాళ మీవాడు ఎనభై ఏడున్నాడు. మీ కాటా తప్పైతే వాడు నిజం. మీ కాటా నిజమైతే వాడు రాత్రి తిన్నాడు. ఏదో ఒకటి మీరే చెప్పండి."

యర్రయ్య కొడుకుని చూశాడు. షెడ్డు వైపు చూశాడు. మళ్లీ కొడుకుని చూశాడు. మీసం మీద చెయ్యి వేసుకున్నాడు, అక్కడ సమాధానం ఉందేమోనని.

"కాటా అబద్ధం సెప్పదు," అన్నాడు.

రాజ్‌కిరణ్ హెల్మెట్ కింద పెట్టాడు. ఆస్పత్రి కాటా మీద దిగని రెండు కిలోలు ఆ మాటతో దిగిపోయినట్టు కనిపించాడు. బరువు కాదు, పరువు.

"ఇవ్వడం ఇష్టం లేకపోతే చెప్పొచ్చు," అన్నాడు ఉదయ్‌కుమార్. "మేం ఏమీ అనుకోం. కానీ నోటితో ఇస్తానంటూ, ఆ నోటితోనే తినేసి తప్పించుకోవడం... స్వాతికి చెప్పాను. మధ్యాహ్నం చెన్నైకి ఫోన్ చేసి ఆ తారీఖు వేరేవాళ్లకి ఇచ్చుకోమని చెప్పెయ్యమంది."

"అక్క అందా?"

"ఇష్టం లేనివాణ్ణి పీక్కు తినకండి, అంది."

అతను వెనక్కి తిరిగాడు. తిరుగుతూ వంటింటి గుమ్మంలో నిలబడ్డ శ్రావణిని చూశాడు. శ్రావణి రాజ్‌కిరణ్ భార్య, అతని పథ్యం వండేది ఆమే.

"తిన్నవాడిది తప్పా, పెట్టినవాళ్లదా అని నేనడగను," అన్నాడు.

అడగనన్న ప్రశ్న అడిగిన దానికన్నా గట్టిగా వినపడుతుంది. అది శ్రావణి చెవిలో దిగబెట్టి, బూట్ల చప్పుడుతో వెళ్లిపోయాడు.

*

వంటింట్లో శ్రావణి అన్నం వార్చే గిన్నె తోముతోంది. గిన్నె ఎప్పుడో శుభ్రమైపోయింది. ఆమె ఇంకా తోముతోంది.

అండమాన్‌లో కొబ్బరి లేకుండా వంట చెయ్యడమంటే సముద్రం లేకుండా ఈత కొట్టడం. ఈ చివరి మూడు కిలోల కోసం శ్రావణి ఆ ఈత ఈదింది. అత్తమామలకి ఒక పొయ్యి మీద చేపల పులుసు, మొగుడికి ఇంకో పొయ్యి మీద ఉడకబెట్టిన బీన్సు. నూనె గరిట దాచేసింది. ఇంట్లో చప్పిడి తిండి వచ్చినప్పటి నుంచీ భోజనాల దగ్గర చప్పుడు పోయింది.

"తిన్నావా?" అంది, వెనక్కి తిరక్కుండానే.

"నువ్వు కూడానా శ్రావణీ?"

"అడిగాను. అడక్కూడదా?"

"తినలేదు."

"కసమ్ ఖా," అంది. ఒట్టుని హిందీలో వెయ్యరు, తింటారు.

"ఖానే కే లియే అదొక్కటే మిగిలింది నాకు," అన్నాడు రాజ్‌కిరణ్. "సరే, తిన్నాను. ఒట్టు తిన్నాను. దాన్లో కెలోరీలెన్నో నువ్వే చెప్పు."

ఇంకో రోజైతే శ్రావణి నవ్వేది. గిన్నె బోర్లించింది.

"మీ బావ నన్నన్న మాట విన్నావా?"

"విన్నాను."

"ఏం అన్లేదు నువ్వు."

"ఏమంటాను? నన్నే నమ్మట్లేదు, నీ గురించి నేను చెప్తే నమ్ముతారా?"

"నమ్మకపోయినా అనాల," అంది శ్రావణి. "నాకోసం కాదు. నేను విండం కోసం."

అతను బల్ల మీద మజ్జిగ గ్లాసు చూశాడు. నీళ్లలో మజ్జిగ వాసన చూపించినట్టుండే ఆ మజ్జిగే రోజూ అతని మధ్యాహ్నపు విందు. ముట్టుకోలేదు.

"మా అమ్మోళ్లు మొదట్నించీ వద్దన్నారు," అంది శ్రావణి. "ఇద్దరు పిల్లలు పుట్టాల్సిన ఇల్లు, ఒకటే కిడ్నీతో ఎలాగ అని. నేను వద్దన్లేదు. సరే అని కూడా అన్లేదు. నన్నెవ్వరూ అడగలేదు కాబట్టి. నువ్వు మీ అక్కకి మాటిచ్చావు. మీ అమ్మకి ధైర్యం చెప్పావు. నాకు వార్త చెప్పావు."

"అక్క అలాగుంటే నిన్ను పర్మిషన్ అడగాలా?"

"చూశావా. అడగాలా అని కూడా నన్ను కాదు, నిన్ను నువ్వే అడుక్కుంటున్నావు."

రాజ్‌కిరణ్ పెరట్లోకి వెళ్లిపోయాడు. మజ్జిగ అక్కడే ఉండిపోయింది.

శ్రావణి గ్లాసు తీసి పారబొయ్యలేదు. మూత పెట్టింది.

*

మధ్యాహ్నం వాలాక గేటు ముందు ఆటో ఆగింది. డయాలిసిస్ అవ్వగానే స్వాతి నేరుగా పుట్టింటికొచ్చింది. మోచేతి దగ్గర దూది, దాని మీద ప్లాస్టరు. వెనకే ఉదయ్‌కుమార్.

"ఇంటికెళ్లి పడుకోమంటే వినదు," అన్నాడు ఎవరితోనో అన్నట్టు.

"పడుకునే వస్తున్నాను. నాలుగ్గంటలు పడుకున్నాను మిషను పక్కన," అంది స్వాతి. "తమ్ముడేడీ?"

షెడ్డులో ఉన్నాడు. ఖాళీ చేపల పెట్టె బోర్లించుకొని దాని మీద కూర్చున్నాడు. ఎదురుగా యర్రయ్య కాటా ఉంది. గంప పెట్టే ఇనప పలక, దాని మీద నిటారుగా స్తంభం, స్తంభం పైన అంకెలు చెక్కిన అడ్డకడ్డీ, కడ్డీ మీద జరిపే ఇత్తడి బిళ్ల. యర్రయ్య నాన్న మద్రాసు నుంచి ఓడలో తెప్పించిన వస్తువది. ఇంట్లో ఇలాంటిది ఉండగా బరువు చూసే మిషను బజార్లో కొనడమంటే యర్రయ్యకి తల కొట్టేసినట్టే. అందుకే ఇన్నాళ్లూ కొడుకుని దీని మీదే తూచాడు. చేపల వేలంలో లాగే పెద్ద గొంతుతో అంకె పలికేవాడు. చుట్టుపక్కల ఇళ్లవాళ్లకి కూడా రాజ్‌కిరణ్ బరువు నోటికొచ్చేసింది.

స్వాతి తమ్ముడి ఎదురుగా నిలబడింది.

"నేను నిన్ను అడగలేదురా. నువ్వే అన్నావు."

"ఇప్పుడూ అంటున్నాను."

"భయమేస్తే భయమని చెప్పు. తప్పేటుంది? నాకూ భయమే."

"భయమే," అన్నాడు రాజ్‌కిరణ్. "రోజూ భయమే అక్కా. భయపడ్డాను గానీ, తినలేదు."

స్వాతి ఏదో అనబోయి ఆగింది. చిన్నప్పుడు వీడు అబద్ధమాడితే చెవులు ఎర్రబడేవి. ఆ చెవులు చూసింది. మామూలుగానే ఉన్నాయి. కానీ అవి చిన్నప్పటి చెవులు కావు. నమ్మొచ్చో లేదో తెలియలేదు.

యర్రయ్యకి ఇదంతా భరించడం కష్టంగా ఉంది. పొద్దున్న అన్న మాట గొంతులో ముల్లులా ఉంది, మింగలేకపోతున్నాడు, కక్కలేకపోతున్నాడు.

"ఎక్కరా," అన్నాడు. "అందరి ముందూ ఎక్కు. తేలిపోద్ది."

రాజ్‌కిరణ్ లేచి పలక మీద నిలబడ్డాడు. యర్రయ్య ఇత్తడి బిళ్ల జరిపాడు. కడ్డీ ఊగి, తేలి, నిలబడింది. వేలంపాట గొంతు రాలేదు ఈసారి. గొణిగాడు.

"ఎనభై అయిదు."

"పొద్దున్న ఎనభై ఏడు," అన్నాడు ఉదయ్‌కుమార్. "ఇప్పుడు మళ్లీ ఎనభై అయిదు. ఇదేం బరువు మావయ్యా, లిఫ్టా?"

"పొద్దున్నించి ఏటీ తిన్లేదు బాబూ ఆడు," అంది ఎరుకమ్మ. "మజ్జిగ కూడా ముట్లేదు."

"ఒక్కపూట మజ్జిగ మానేస్తే రెండు కిలోలు పోతాయా అత్తయ్యా? పోతే మరి నిన్నటిదాకా ఎందుకంత కష్టపడ్డాడు?"

ఉదయ్‌కుమార్ లెక్క మొదటిసారి అతనికే ఎదురు తిరిగింది. కానీ దాని గురించి ఆలోచించడానికి ఇంకా కోపం అడ్డుగా ఉంది.

"జరగరా," అంది స్వాతి. "నేనెక్కుతాను."

"నువ్వెందుకే?" అన్నాడు యర్రయ్య.

"ఈ ఊళ్లో బరువు బాగా తెలిసినదాన్ని నేనే నాన్నా. సూది పెట్టేముందు తూస్తారు. తీసేశాక తూస్తారు. ఒంట్లో ఎంత నీరు చేరింది, ఎంత లాగారు, అంతా తూకమే. ఇందాక మిషను దిగితే యాభై రెండు. దార్లో గుక్క నీళ్లు కూడా తాగలేదు. తూచు."

ఆమె పలకెక్కింది. చెప్పులు విప్పి ఎక్కింది, ఆస్పత్రిలో అలవాటై.

యర్రయ్య బిళ్లని యాభై రెండు దగ్గర పెట్టాడు. కడ్డీ లేవలేదు. కొంచెం వెనక్కి జరిపాడు. యాభై ఒకటి. లేవలేదు. యాభై.

కడ్డీ తేలింది.

"ఓలమ్మ," అంది ఎరుకమ్మ. "ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చేలోగా రెండు కిలోలు ఎక్కడ పారేసుకున్నావే?"

ఎవరూ నవ్వలేదు. ఉదయ్‌కుమార్ కళ్లద్దాలు సరిచేసుకొని దగ్గరికొచ్చాడు.

వాడికీ రెండు. ఈమెకీ రెండు.

స్వాతి కిందికి దిగలేదు. అక్కడే నిలబడి కడ్డీని ఈ చివర నుంచి ఆ చివరికి చూసింది. కొసన చెయ్యి పెట్టింది. అక్కడ వలకి కట్టే సీసం గుండు ఒకటి, వలతాడుతోనే ముడేసి వేలాడుతోంది. ఏళ్ల తరబడి చేపల జిడ్డు పట్టి అది కూడా కడ్డీలాగే నల్లగా అయిపోయింది. కాటాతోనే పుట్టిందనుకునేలా ఉంది.

"నాన్నా," అంది స్వాతి. "ఇది నేను చిన్నప్పుడు నువ్వు కట్టింది కదా?"

యర్రయ్య గుండు వైపు చూశాడు. అతని మొహంలో రంగు మారడం అందరూ చూశారు. ఖాళీ పెట్టె మీద కూలబడ్డాడు.

"మంచు తరుగు," అన్నాడు.

"ఏం తరుగు?" అన్నాడు ఉదయ్‌కుమార్.

"సేపలు మంచులోంచి తీసి గంపకెత్తుతాం బాబూ. మంచు కరిగి గంప నిండా నీళ్లే. ఆ నీళ్ల బరువుకి కూడా సేప రేటే ఇవ్వాలా అని హోటలోళ్లు గంప గంపకీ పేచీ. నీళ్లకింత తియ్యి, నీళ్లకింత తియ్యి అని. గొంతు పోయేది. ఇలాగ కాదని ఈ గుండు కట్టీసినాను. గంప ఏదైనా రెండు కిలోలు తక్కువే సూపిస్తాది. పేచీ పోయింది. కొసరు అడిగే పనే నేదు, కాటాయే కొసరేస్తాది." ఆగాడు. "అందుకే నా గంప ఎవుడూ మళ్లీ తూచడు."

"అంటే దీని మీద ఏది పెట్టినా రెండు తక్కువ."

"సేపల కోసం కట్టాను బాబూ. మనుసుల్ని తూస్తాననుకున్నానేటి?"

షెడ్డులో అందరూ కాసేపు గుండునే చూశారు. అంత చిన్న గుండు ఇంతమంది గుండెల మీద కూర్చుంది.

"నాన్నా," అన్నాడు రాజ్‌కిరణ్ నెమ్మదిగా. "చెన్నై నుంచి ఓడ దిగిన రోజు నన్ను దీని మీద తూచావు. అక్కడ తొంభై ఎనిమిది, ఇక్కడ తొంభై ఆరు."

"అవున్రా."

"ఓడలో కక్కినందుకు రెండు కిలోలు పోయాయన్నావు."

ఎరుకమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ మాట ఈ ఇంట్లో నెలల తరబడి నడిచింది. ఓడ టికెట్లు అమ్మే కౌంటర్లో పనిచేసే కొడుక్కి ఓడ పడకపోవడం, సముద్రమ్మీద బతికిన యర్రయ్యకి తీరని నామర్దా. మూడు రోజులు కడుపులో ఏమీ నిలవలేదు, అదొక్కందుకు మాత్రం సముద్రమ్మకి దండం, రెండు కిలోలు తనే పుచ్చుకుంది అని ఊరంతా చెప్పాడు.

"పుచ్చుకోలేదన్నమాట," అన్నాడు రాజ్‌కిరణ్. "కక్కించింది గానీ తూకం మాత్రం ముట్టుకోలేదు."

ఈసారి స్వాతి నవ్వింది. నవ్వితే ప్లాస్టరు దగ్గర నొప్పి పుట్టింది, చెయ్యి పట్టుకుంది. అయినా నవ్వింది. ఉదయ్‌కుమార్ మాత్రం నవ్వలేదు.

"మరి డిన్నర్ మాటేమిటి?" అన్నాడు. గొంతులో పట్టు సగానికి తగ్గింది. "అత్తయ్య చెప్పింది అబద్ధం కాదు కదా?"

"అమ్మా," అంది స్వాతి. "ఆవిడ ఏమందో ఆ మాటే చెప్పు. నీ మాట కాదు, ఆవిడ మాట."

"డిన్నర్ రెడీయా అందే."

"డిన్నర్ అందా, డోనర్ అందా?"

ఎరుకమ్మ కళ్లు మూసుకొని మళ్లీ విన్నట్టు తల వంచింది. "ముందు డి యో, డో యో. నర్ అయితే మాత్రం ఉంది."

"డోనర్ అంటే వీడే అమ్మా. కిడ్నీ ఇచ్చేవాణ్ణి అలాగంటారు."

"ఈడా?" ఎరుకమ్మ కొడుకుని పైనుంచి కిందిదాకా చూసింది. "ఈడు రాజ్‌కిరణ్ కదేటి. మరి ఆ మాట సెప్పదేటి ఆ మేడమ్? పేరెట్టి అడిగితే నోరు పడిపోద్దా? ఈడు తినేది బీన్సు గడ్డి అని సెప్పీదాన్ని కదా."

ఉదయ్‌కుమార్ కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. తుడిచాక కూడా పెట్టుకోలేదు. పెట్టుకుంటే ఎవరో ఒకరు కనిపిస్తారు.

"రాజ్‌కిరణ్..." అన్నాడు. తరవాత మాట రాలేదు. బోర్డు మీద తప్పు రాస్తే తుడుపు ముక్క ఉంటుంది. నోటికి అలాంటిది లేదు. వంటింటి గుమ్మం వైపు తిరిగి, "అమ్మా శ్రావణీ..." అన్నాడు. అదీ అక్కడే ఆగిపోయింది.

శ్రావణి లోపలికి వెళ్లింది. మూత పెట్టిన మజ్జిగ గ్లాసు తెచ్చి మొగుడి చేతికిచ్చింది.

యర్రయ్య లేచాడు. మొలలో ఉన్న చేపల కత్తి తీశాడు.

"కాటా అబద్ధం సెప్పదన్నాన్రా నాను," అన్నాడు కొడుకు మొహం చూడకుండా. "అది సెప్పలేదు. నానే సెప్పించాను."

వలతాడు తెగింది. గుండు నేల మీద పడి, దొర్లి, కాటా కిందికి వెళ్లిపోయింది.

అప్పుడు ఉదయ్‌కుమార్ జేబులో ఫోను మోగింది.

అతను తీసి చూశాడు. ఎత్తలేదు. స్వాతి వైపు చూశాడు.

"చెన్నై. మధ్యాహ్నం నేను చెప్పేశాను స్వాతీ. మా డోనర్ రెడీగా లేడని. సాయంత్రం ఒక్కసారి ఖాయం చేసుకొని తారీఖు వేరేవాళ్లకి ఇచ్చేస్తామన్నారు."

"చెప్పమంది నేనే," అంది స్వాతి. ఫోను అందుకొని స్పీకరు నొక్కింది.

"సర్, పక్కా బోలియే," అంది మేడమ్. "డోనర్ రెడీ నహీఁ హై నా? డేట్ దూస్రే కో దే దూఁ?"

అందరూ స్వాతి నోటి వైపు చూశారు. ఆమె నోటి దాకా వచ్చిన మాట ఏదో తెలుస్తూనే ఉంది. కానీ ఆమె ఆ మాట అనలేదు. కాటా దిగి, నెమ్మదిగా నడిచి, ఫోను శ్రావణి ముందు పట్టుకుంది.

"ఒంట్లోంచి పోయేది వాడిది. ఇంట్లో మోసేది నువ్వు," అంది గొంతు తగ్గించి. "నిన్నెవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. నువ్వు వద్దంటే నేను నిన్ను ఒక్కమాట అనను. ఎవర్నీ అననివ్వను."

శ్రావణి ఫోను తీసుకోలేదు. రాజ్‌కిరణ్ నోరు తెరిచాడు. స్వాతి చెయ్యెత్తి ఆపింది.

"హలో?" అంది చెన్నై. "హలో, కోయీ హై?"

శ్రావణి చెయ్యి చీరకి తుడుచుకుంది. ఫోను అందుకుంది.

"మేడమ్, మై డోనర్ కీ వైఫ్ బోల్ రహీ హూఁ." ఆగింది. ఆ ఆగడంలో ఉదయ్‌కుమార్ నేల చూశాడు, ఎరుకమ్మ ఆకాశం చూసింది. "డోనర్ రెడీ హై. దో కిలో జ్యాదా హై, బస్."

డోనర్ సిద్ధమే, రెండు కిలోలు ఎక్కువున్నాడు, అంతే అని. తరవాత మొత్తం చెప్పింది. మంచు సంగతి, గంప సంగతి, గుండు సంగతి, ఓడలో పోయాయనుకున్న రెండు కిలోల సంగతి, డోనర్‌ని డిన్నర్ చేసేసిన అత్తగారి సంగతి. హిందీలో మొదలుపెట్టింది, తరుగుకి హిందీ మాట దొరక్క తెలుగులోకి దిగింది, మళ్లీ హిందీ ఎక్కింది. మేడమ్ ఎక్కడా అడ్డురాలేదు.

"వో దో కిలో మై ఉతారూఁగీ," అంది చివర్న. "ఆ రెండు కిలోలూ నేను దించుతాను. ఆప్ డేట్ మత్ ఉతారియే. కిసీ ఔర్ కో మత్ దీజియే." తారీఖు మాత్రం దించి ఇంకెవరికీ ఇవ్వొద్దని.

రాజ్‌కిరణ్ ఎవరూ చెప్పకుండానే మళ్లీ పలకెక్కాడు. మజ్జిగ గ్లాసు చేతిలోనే ఉంది. శ్రావణి కళ్లతోనే దాన్ని కింద పెట్టమంది. పెట్టాడు. యర్రయ్య బిళ్లని ఎనభై అయిదు దగ్గర ఉంచాడు. గుండు లేని కడ్డీ జివ్వున పైకి లేచిపోయింది. అతను బిళ్లని ముందుకి జరిపాడు. ఎనభై ఏడు దగ్గర అది తేలి నిలబడింది. ఈసారి ఎవరూ అంకె పైకి పలకలేదు.

"లైన్ పే రహియే," అంది మేడమ్. "మై దేఖ్‌తీ హూఁ. దూస్రే ఫ్యామిలీ కో ఫోన్ జా చుకా హై క్యా, పూఛ్‌నా పడేగా."

అవతలివాళ్లకి కబురు ఈపాటికే వెళ్లిపోయిందేమో, కనుక్కోవాలట.

స్వాతి ఖాళీ పెట్టె మీద కూర్చుంది. పక్కన కొంచెం చోటు వదిలింది. ఫోను చేత్తో పట్టుకునే శ్రావణి వచ్చి ఆ చోట్లో కూర్చుంది. స్పీకర్లో సముద్రం హోరు తప్ప ఇంకేమీ వినపడటం లేదు.